మేడారంలో చేసేదే డిపోలోనూ చేయండి: రెండు ఆర్టీసీల యాజమాన్యాలకు బహిరంగ లేఖ

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీల ఎండీలకు, ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్లకు, రీజినల్ మేనేజర్లకు, డిపో మేనేజర్లకు నమస్కారం.

నేను ఒక డిగ్రీ కళాశాలలో కామర్స్ చెబుతాను. మా సిలబస్‌లో ‘సంస్థల్లో మార్పు’ అని ఒక యూనిట్ ఉంటుంది. పుస్తకంలో దానికిచ్చిన ఉదాహరణలన్నీ విదేశీ కంపెనీలవే. నేను మాత్రం ఆర్టీసీ గురించి చెబుతాను. పొద్దున తాము ఎక్కి వచ్చిన బస్సు గురించే కాబట్టి పిల్లలు ఇట్టే అందుకుంటారు. పైగా మా నాన్నగారు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. మా ఇంట్లో అన్నం తిన్నంతసేపూ డిపో కబుర్లే. ఆ చనువుతోనే ఈ లేఖ రాస్తున్నాను.

మీరు నడుపుతున్న సంస్థ 1932లో నిజాం రైల్వేలో ఒక విభాగంగా 27 బస్సులతో మొదలైంది. 1958 జనవరి 11న ఏపీఎస్‌ఆర్టీసీ అయింది. ఊరూరికీ పాకి, ప్రపంచంలోనే ఎక్కువ బస్సులున్న సంస్థగా గిన్నిస్ రికార్డుకెక్కింది. రాష్ట్రంతో పాటు రెండుగా విడిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో ఉద్యోగులు 2020 జనవరి 1 నుంచి ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. తెలంగాణలో ఉద్యోగులను ప్రభుత్వంలో విలీనం చేసే బిల్లు 2023లో శాసనసభ ఆమోదం పొందింది. ఈలోగా కార్గో వచ్చింది, కండక్టరు లేకుండా డ్రైవరే టిమ్ (టికెట్ ఇచ్చే మిషన్)తో టికెట్ కొట్టే సర్వీసులు పెరిగాయి, క్యూఆర్ కోడ్ వచ్చింది, మహిళల ఉచిత ప్రయాణానికి జీరో టికెట్ వచ్చింది, ఇప్పుడు ఎలక్ట్రిక్ బస్సు వచ్చింది. ఒక మార్పు కుదురుకునేలోపే ఇంకోటి. ఇక ముందూ ఇంతే. ‘ఈ ఒక్కటి అయిపోతే ఊపిరి పీల్చుకోవచ్చు’ అనుకునే రోజు మీ సిబ్బందికి రాదు. అందుకే మార్పు తేవడం ఎలాగన్న దానికంటే, ఆగకుండా వచ్చే మార్పును రోజూ తట్టుకునేలా డిపోను తయారు చేయడం ఎలాగన్నదే అసలు ప్రశ్న.

ఆ విద్య మీకు రాదని నేను అనడం లేదు. వచ్చు. మేడారం చూసినవాళ్లెవరూ ఆ మాట అనరు.

రెండేళ్లకోసారి సమ్మక్క సారలమ్మ జాతరకు అడవి మధ్యలో తాత్కాలిక బస్టాండు లేస్తుంది. వరుసలు వరుసలుగా క్యూలైన్లు, పైన రేకులు, మైకులు, మెకానిక్‌ల కోసం క్యాంపు, దారి పొడవునా బ్రేక్‌డౌన్ బండ్లు. 2024 ఫిబ్రవరి జాతరకు సుమారు 6 వేల ప్రత్యేక బస్సులు నడిపారు. మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చాక జరిగిన మొదటి జాతర అది. తాడ్వాయి దారి ఎన్నడూ ఎరగని డ్రైవర్లు ఎక్కడెక్కడి డిపోల నుంచో వచ్చి, బెల్లం బుట్టలు ఒళ్లో పెట్టుకుని పిల్లల్ని చంకనేసుకున్న జనాన్ని తెచ్చి, మళ్లీ ఇళ్లకు చేర్చారు. నాలుగు రోజులు గడిచాక బస్టాండు విప్పేశారు. ఎవరి డిపోకు వాళ్లు వెళ్లిపోయారు.

అక్కడ పని ఎలా నడుస్తుందో గమనించండి. క్యూ పెరిగితే బస్సు మళ్లించాలా వద్దా అన్నది ఆ క్యూ ముందు నిలబడ్డ కంట్రోలరు చెబుతాడు. హైదరాబాద్ నుంచి ఫైలు వచ్చేదాకా ఎవరూ ఆగరు. పోయినసారి ఏ మలుపు దగ్గర బండ్లు ఇరుక్కున్నాయో గుర్తున్న పాత సూపర్‌వైజరు మాట ఆ నాలుగు రోజులూ పెద్దసారు మాటంత చెల్లుతుంది. సాయంత్రం కాగానే పొద్దుటి పొరపాటు గురించి కూర్చుని మాట్లాడుకుంటారు, రాత్రికి సరిచేసుకుంటారు. తప్పు ఎవరిదని తేల్చడానికి తీరికే ఉండదు. మీ సంస్థ తెలివంతా బయటపడేది ఆ నాలుగు రోజుల్లోనే.

జాతర ముగిసి అందరూ డిపోలకు తిరిగి వెళ్లాక ఆ పద్ధతి ఎక్కడికి పోతుంది? శాశ్వతమైన మార్పు అనగానే పైనుంచి సర్క్యులర్ వస్తుంది, నోటీసు బోర్డుకు ఎక్కుతుంది, రేపటి నుంచి అమలు. నేర్చుకోవడం మాత్రం ప్రయాణికుల ముందే, బస్సు కదులుతుండగానే.

తెలంగాణలో మహాలక్ష్మి పథకాన్నే తీసుకోండి. కొత్త ప్రభుత్వం 2023 డిసెంబరు 7న ప్రమాణం చేసింది. 9న ఉచిత ప్రయాణం మొదలైంది. మధ్యలో ఉన్నది ఒక్క రోజు. టిమ్ మిషన్లలో సాఫ్ట్‌వేర్ మార్చి జీరో టికెట్ ఇవ్వడం ఆ తర్వాతి మాట. ఆ మొదటి రోజుల్ని మోసినవాళ్లు కండక్టర్లు. పథకం మంచిది, నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. మా కళాశాలలో ఆడపిల్లల హాజరు గురించి నాకు తెలుసు, పాసుకు డబ్బుల్లేక మానేసిన పిల్లల గురించీ తెలుసు. 2025 జులై నాటికి 200 కోట్ల ఉచిత ప్రయాణాలు పూర్తయ్యాయని డిపోల్లో వేడుక చేశారు. ఆ 200 కోట్ల జీరో టికెట్లనూ ఒక్కొక్కటిగా చింపి ఇచ్చిన చేతుల గురించి ఇప్పుడు మాట్లాడాలి.

సాయంత్రం అయిదింటికి ఏదో ఒక పల్లెవెలుగు ఎక్కి చూడండి. కాలేజీలు వదిలే వేళ, కూలి పనులు ముగిసే వేళ. ఒక్క స్టేజీలో ఇరవై మంది ఆడవాళ్లు ఎక్కుతారు. ఒకామె ఆధార్ కార్డు చెంగు ముడిలో ఉంటుంది. ఇంకో అమ్మాయిది ఫోన్ కవరు వెనక. ఓ పెద్దామె కార్డు మీద ఫోటో చెరిగిపోయి మొహం ఆనవాలు పట్టనివ్వదు. కండక్టరు కార్డు చూడాలి, ఎక్కడ దిగుతారో అడగాలి, మిషన్‌లో స్టేజీ నొక్కాలి, కాగితం చింపి చేతికివ్వాలి. డబ్బులు లేవుగా, చిల్లర గొడవ తప్పిందిగా అని బయటివాళ్లకు అనిపిస్తుంది. కానీ ప్రభుత్వం సంస్థకు కట్టాల్సిన లెక్క తేలేది ఆ కాగితం మీదే. ఒకటి వదిలేస్తే సంస్థకు రాబడి పోయినట్టే, తనిఖీలో బయటపడితే కండక్టరు సంజాయిషీ ఇచ్చుకోవాలి. పల్లెవెలుగుకు ‘ఇష్యూ అండ్ స్టార్ట్’ రూలు ఉండనే ఉంది. అందరికీ టికెట్లు ఇచ్చాకే బస్సు కదలాలి. బస్సులో యాభై మంది ఎక్కే రోజుల్లో రాసుకున్న రూలది. తొంభై మందితో ఆ రూలు పాటిస్తే బస్సు లేటు, పాటించకపోతే తప్పు కండక్టరుది. ఉచిత ప్రయాణం వచ్చాక రన్నింగ్ టైం తిరగరాసిన రూట్లు ఎన్ని? ఏ డిపోలో, ఎప్పుడు, ఎవరినడిగి రాశారు? ఈ జాబితా మీ దగ్గరుంటే దయచేసి బయట పెట్టండి.

మార్పంటే సిబ్బందికి గిట్టదనే మాట అధికారుల నోట తరచూ వినిపిస్తుంది. ఆ మాట నిజం కాదు. టిమ్ మిషన్ వచ్చిన రోజుల్లో మా నాన్నగారి తరం భయపడిన మాట వాస్తవమే, బటన్లు నొక్కడం వస్తుందో రాదోనని. కానీ ఆ మిషన్ వాళ్ల చేతుల్లోంచి ఏం తీసేసిందో చూడండి. రకరకాల ధరల టికెట్ల కట్టలు పేర్చిన ట్రే పోయింది. పంచ్ పోయింది. ప్రతి స్టేజీలో క్లోజింగ్ నంబర్లు చూసి ఎస్‌ఆర్ అనే లెక్కల కాగితం మీద రాసుకునే పని పోయింది. రాత్రి డిపోలో క్యాష్ కట్టేటప్పుడు రూపాయి తేడా ఎక్కడొచ్చిందని దీపం కింద వెతుక్కునే పని పోయింది. అందుకే భయం నిలవలేదు. కొన్నాళ్లకు మిషన్ పాడైతే పాత ట్రే ఇస్తామంటే వద్దనేవారు. ఒక కొత్త పని నెత్తిన పెట్టినప్పుడు పాత పని ఒకటి దించితే మనిషి దాన్ని తనదిగా చేసుకుంటాడు. దించకుండా పెడుతూ పోతే మంచి మార్పు కూడా బరువే అవుతుంది. ప్రతి సర్క్యులర్ చివరా ఒక వాక్యం తప్పనిసరి చేయండి: ఈ కొత్త పని వల్ల ఫలానా పాత పని, ఫలానా రిజిస్టరు రద్దయింది అని. ఆ వాక్యం రాయడానికి ఏమీ దొరకకపోతే ఆ సర్క్యులర్‌ను ఇంకోసారి ఆలోచించండి.

మీ దగ్గరే ఇంకో మంచి పాఠం ఉంది, దాన్ని మీరే చిన్నచూపు చూస్తున్నారేమోనని నా అనుమానం. కేఎంపీఎల్ సంగతి. లీటరు డీజిల్‌కు ఎన్ని కిలోమీటర్లు అన్న లెక్కలో ఆర్టీసీకి దేశంలో మంచి పేరుంది, అవార్డులూ వచ్చాయి. ఆ పేరు ఎలా వచ్చింది? బండి డిపోకు రాగానే డీజిల్ కొట్టి, లాగ్ షీటు మీద లెక్క తేలుస్తారు. ఏ డ్రైవరుకు ఎంత వచ్చిందో ఆ డ్రైవరుకే తెలుస్తుంది, ఏడాది చివర కాదు, ఆ వారమే. తక్కువ వచ్చినవాడి పక్కన బాగా తీసుకొచ్చే డ్రైవరో, శిక్షకుడో కూర్చుని వెళతాడు. గేరు ఎక్కడ మారుస్తున్నావు, స్టాపు ఇంకా ఎంత దూరముండగా కాలు తీస్తున్నావు అని చూసి చెబుతాడు. బండిది తప్పయితే గ్యారేజీకి రాస్తారు. లెక్క చేతిలో ఉంది, దాన్ని మార్చగలిగే మనిషి ఎదురుగా ఉన్నాడు, నేర్పేవాడు పక్కనే ఉన్నాడు. ఏళ్ల తరబడి ఆగకుండా సాగిన మెరుగుదల ఇది. మా పాఠ్యపుస్తకంలోని కంపెనీలు దీనికే పెద్ద పెద్ద పేర్లు పెట్టుకున్నాయి. జీరో టికెట్‌కీ, కార్గోకీ, సమయపాలనకీ ఇదే పద్ధతి పట్టకపోవడానికి కారణం నాకు కనిపించడం లేదు.

ఇప్పుడు ఎలక్ట్రిక్ బస్సు దగ్గరికి వస్తాను. నాకు ఎక్కువ దిగులు పుట్టిస్తున్నది ఇదే. తిరుమల కొండ మీదికి ఎలక్ట్రిక్ బస్సులు ఎక్కుతున్నాయి. హైదరాబాద్‌కు కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద 2 వేలు కేటాయించారు. గాలికి మంచిది, ఖర్చు లెక్కల్లోనూ మంచిది కావచ్చు. కానీ వీటిలో చాలావరకు అద్దె పద్ధతిలో వస్తున్నవే. బస్సు కంపెనీది, డ్రైవరు కంపెనీ మనిషి, మరమ్మతు కంపెనీది, కిలోమీటరుకు ఇంత అని సంస్థ చెల్లిస్తుంది. సంస్థ తరఫున బస్సులో ఉండేది కండక్టరు మాత్రమే. ఇప్పుడే చెప్పిన ఆ కేఎంపీఎల్ విద్య, కాలు ఎప్పుడు తీయాలో తెలిసిన డ్రైవరు ఒడుపు, కొత్త బస్సులోకి ఎలా చేరుతుంది? ఎలక్ట్రిక్ బస్సులోనూ కాలు తీసే ఒడుపు మీదే చాలా ఉంటుంది, బ్రేకు వేసినప్పుడు కొంత కరెంటు తిరిగి బ్యాటరీకి చేరుతుంది కాబట్టి. అనుభవం మనది, స్టీరింగ్ ఇంకొకరిది.

గ్యారేజీలో పరిస్థితి ఇంకా సున్నితం. ఇంజను చప్పుడు విని ఇంజెక్టర్ పోయిందో, పంపు పోయిందో చెప్పే మెకానిక్‌లు మీ దగ్గరున్నారు. అలాంటి మనిషి ముందుకు ఇంజను లేని బస్సు వచ్చి నిలబడింది. క్లచ్ లేదు, డీజిల్ పంపు లేదు, ఇంజను ఆయిలు లేదు. బదులుగా నారింజ రంగు కేబుళ్లున్నాయి, వాటి మీద చేయి వేస్తే ప్రాణానికే ప్రమాదం. ‘మా పని అయిపోయినట్టేనా’ అన్న ప్రశ్న అతని నోట రాకపోవచ్చు, కళ్లల్లో ఉంటుంది. దానికి మీరు మాటతో కాకుండా పనితో జవాబు చెప్పాలి. ఆ బస్సులో అతనికి తెలిసినవి చాలానే ఉన్నాయి. టైర్లు, సస్పెన్షన్, గాలి బ్రేకులు, కంప్రెషర్, తలుపులు, బాడీ అంతా అతని విద్యే. తెలియనిది మోటారు, బ్యాటరీ, దాన్ని చల్లబరిచే ఏర్పాటు, హైవోల్టేజీ జాగ్రత్తలు. నేర్పితే నేర్చుకోడా? డీజిల్ బండ్లలో సెన్సార్లు, ఎలక్ట్రానిక్ పంపులు వచ్చినప్పుడు నేర్చుకున్నవాడే కదా. ఇకపై రాసుకునే ప్రతి అద్దె ఒప్పందంలో, మన మెకానిక్‌లు కొందరు కంపెనీ మరమ్మతు బృందంతో కలిసి పనిచేసి నేర్చుకునే షరతు పెట్టండి. ఒప్పందం ముగిసేనాటికి ఆ బస్సును విప్పి బిగించగల మనుషులు మన దగ్గర ఉండాలి. లేకపోతే తర్వాతి ఒప్పందంలో ధర చెప్పేది వాళ్లు, తల ఊపేది మనం.

అడగకుండా నడిపితే ఏమవుతుందో తెలంగాణ ఒకసారి చూసింది. 2019 అక్టోబరు 5న మొదలైన సమ్మె 52 రోజులు సాగింది. కొందరు కార్మికులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఇళ్లను తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. డిమాండ్ల తప్పొప్పుల్లోకి నేను వెళ్లను. సమ్మె ముగిశాక డిసెంబరు 1న ముఖ్యమంత్రి ప్రతి డిపో నుంచి ఐదుగురిని పిలిపించుకుని కూర్చోబెట్టి మాట్లాడారు. ఆరోజు ప్రకటించిన వాటిలో మహిళా ఉద్యోగుల డ్యూటీలు రాత్రి 8 గంటలకల్లా ముగియాలన్నది ఒకటి. ఆలోచించండి. అది డ్యూటీ చార్టు విషయం. డిపో మేనేజరు, ఇద్దరు మహిళా కండక్టర్లు ఒక గంట కూర్చుంటే తేలాల్సిన విషయం. దానికి ముఖ్యమంత్రి గది దాకా వెళ్లాల్సి వచ్చింది. మధ్యలో వినే చెవి లేదన్నమాట.

ఆ చెవిని ఏర్పాటు చేయడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. సలహాల పెట్టె మీ డిపోల్లో ఉండే ఉంటుంది, దానివల్ల ఏమీ కాదు, తాళం తీసేదెవరో తెలియని పెట్టెలో ఎవరూ కాగితం వేయరు. కావలసింది జవాబు. డ్రైవరో కండక్టరో మెకానికో ఒక మాట చెబితే, పదిహేను రోజుల్లో ‘చేస్తాం’ అనో, ‘చేయలేం, ఎందుకంటే’ అనో నోటీసు బోర్డు మీద రాతపూర్వకంగా రావాలి. ‘చేయలేం’ అన్నా పర్వాలేదు. కారణం చెబితే మనిషి గౌరవం పొందినట్టే భావిస్తాడు, ఇంకోసారి నోరు తెరుస్తాడు.

కొత్తది ఏదైనా ముందు రెండు డిపోల్లో నడిపి చూడండి. ఒకటి కూకట్‌పల్లి, గవర్నర్‌పేట లాంటి రద్దీ డిపో, ఇంకొకటి భద్రాచలం, పాడేరు లాంటి ఏజెన్సీ డిపో. హెడ్డాఫీసులో పనిచేసిన ఫోన్‌పే పాడేరు ఘాట్ రోడ్డులో సిగ్నల్ లేక ఆగిపోతుంది. అది మొదటి ట్రిప్పులోనే కండక్టరు చెప్పేస్తాడు. ఆ నెల రోజులూ జరిగే పొరపాట్లకు చార్జిషీటు ఉండదని ముందే రాసివ్వండి. ఈ ఒక్క హామీ లేకపోతే తక్కినవన్నీ వృథా. భయపడే మనిషి తప్పును దాచుకుంటాడు. దాచిన తప్పు మిగతా డిపోలన్నిటికీ పాకాకే మీకు తెలుస్తుంది. ఆ తర్వాత మిగతా డిపోలకు నేర్పడానికి కన్సల్టెంటును పంపకండి. ఆ రెండు డిపోల కండక్టర్లనే పంపండి. కండక్టరు మాట కండక్టరుకు ఎక్కినంతగా ఇంకెవరి మాటా ఎక్కదు.

ఉచిత ప్రయాణంలో ఆంధ్రప్రదేశ్‌కు ఆ వీలు కొంత దొరికింది. కర్ణాటక 2023 జూన్‌లో, తెలంగాణ అదే ఏడాది డిసెంబరులో మొదలుపెట్టాయి, ఆంధ్రప్రదేశ్ పథకం స్త్రీశక్తి 2025 ఆగస్టు 15న వచ్చింది. పొరుగువాళ్ల అనుభవం చూశాకే అడుగు వేశారు. చూసింది ఎక్కువగా అధికారులు, మంత్రులు. ఖమ్మం కండక్టరు, తిరువూరు కండక్టరు ఒక పూట కలిసి కూర్చుంటే ఇంకెంత తెలిసేదో! నిన్నమొన్నటిదాకా ఒకే సంస్థలో ఉన్నవాళ్లే కదా. ఆస్తుల పంపకం తగవులు మీ స్థాయిలో మీరు చూసుకోండి, డిపోల మధ్య రాకపోకలకు అవి అడ్డు రానివ్వకండి.

ఎండీ గార్లకు విడిగా ఒక మాట. మీలో చాలామంది కొన్నేళ్లలో బదిలీ అయి వెళ్లిపోతారు. కండక్టరు ముప్ఫై ఏళ్లు ఉంటాడు. వచ్చిన ప్రతి అధికారీ కొత్త పేరుతో కొత్త కార్యక్రమం మొదలుపెట్టి, వెనకటిదాన్ని అటకెక్కిస్తే, ‘ఈ సారు వెళ్తే ఇదీ వెళ్తుంది’ అని సిబ్బంది ఊరుకుంటారు. మా నాన్నగారు సర్వీసంతా ఆ మాట అంటూనే ఉండేవారు. అది సోమరితనం మాట కాదు, అనుభవం నేర్పిన మాట. మీరు కుర్చీలో కూర్చున్న మొదటి నెలలో కొత్తదేమీ ప్రకటించకండి. వెనకటి సారు మొదలుపెట్టిన వాటిలో ఏవి నిలబెడుతున్నారో, ఏవి ఆపుతున్నారో, ఎందుకో గేట్ మీటింగుల్లో చెప్పండి. సిబ్బంది నమ్మకం అక్కడినుంచే మొదలవుతుంది.

దగ్గర్లో మీ ఇద్దరికీ ఉమ్మడి పరీక్ష ఒకటి ఉంది. 2027లో గోదావరి పుష్కరాలు. బాసర, ధర్మపురి, కాళేశ్వరం, భద్రాచలం, రాజమహేంద్రవరం, అన్ని రేవులకూ జనాన్ని చేర్చాల్సింది మీరే. 2015 పుష్కరాల్లో పాయింట్ల దగ్గర నిలబడి పనిచేసిన కంట్రోలర్లు, సూపర్‌వైజర్లు చాలామంది రిటైరయ్యారు, మిగిలినవాళ్లు ఆ దారిలోనే ఉన్నారు. ఏ రేవుకు ఏ దారి మూసుకుపోయింది, ఏ గంటకు జనం తిరుగుముఖం పట్టారు అన్నది వాళ్ల బుర్రల్లో ఉంది, ఫైళ్లలో లేదు. వాళ్లను ఇప్పుడే పిలిపించండి, రెండు రాష్ట్రాల వాళ్లనూ ఒకే గదిలో. చెప్పినదంతా రాయించండి.

అలాగే తెలంగాణ ఆర్టీసీ 2025లో 1,743 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. అందులో 743 శ్రామిక్ (గ్యారేజీ పనివారి) పోస్టులు. గ్యారేజీలో అడుగుపెట్టే ఆ పిల్లలు పాతికేళ్లకు పైగా అక్కడే ఉంటారు. వాళ్ల సర్వీసు సగమయ్యేసరికి డీజిల్ ఇంజను ఎంత మిగులుతుందో మీకూ తెలుసు. వాళ్లకు శిక్షణలో డీజిల్ ఎన్ని వారాలు నేర్పుతారు, బ్యాటరీ బస్సు ఎన్ని వారాలు నేర్పుతారు, నేర్పేదెవరు అన్నది ఒక కాగితం మీద రాసి ప్రతి గ్యారేజీ గోడకు అంటించండి. ఇప్పటికే ఉన్న మెకానిక్‌ల పేర్లూ అదే కాగితం మీద, ఎవరి బ్యాచ్ ఏ నెలలో అన్న వివరంతో సహా ఉండాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కండక్టరు కూతురు, మీ పల్లెవెలుగు ప్రయాణికురాలు